పెట్టెలోని శూన్యము

మన యిండ్లలో మేజాబల్ల క్రిందనో ప్రక్కనో నిలువబెట్టబడి, వాడుకలో సీపీయూ అని పిలువబడుచు, కూర్చున్నవారి మోకాళ్లకు అడ్డు తగులుచు, వెనుకవైపున సంవత్సరముల దుమ్మును పోగుచేసికొనుచుండు ఆ యినుప పెట్టెను ఒక్కసారి విప్పి చూచినవారికి మొట్టమొదట కనబడునది యంత్రము కాదు, శూన్యము. ఒక గోడకు అంటియున్న మదర్‌బోర్డు, దాని నడుమ ఫ్యాను మరుగున నున్న ప్రాసెసరు, అడుగుననో మీదనో ఎస్.ఎం.పి.ఎస్., అక్కడక్కడ వ్రేలాడుచున్న తీగెల గుత్తులు, ఇంతియే లోపలి సామగ్రి. మిగిలినదంతయు ఎన్నడును అమర్చబడని కార్డులకొరకును, ఇప్పుడు దాదాపు ఎవ్వరును వాడని సీడీ డ్రైవులకొరకును విడిచిపెట్టబడిన చోటు. ఉత్తరములు వ్రాసికొనుటకు, బ్యాంకు లెక్కలు చూచుకొనుటకు, పిల్లల పాఠములకు, సాయంకాలము ఒక పాత చలనచిత్రమును చూచుటకు కంప్యూటరు కావలెనను సామాన్య గృహస్థునకు ఇంత చోటుతో పని లేదు. ఆ పనులన్నియు చేయగల యంత్రమును చేతిసంచిలో పట్టునంతటి పెట్టెలో, మితమైన వ్యయముతో, స్వయముగ కూర్చుకొనుట నేడు సాధ్యమే. అయితే చిన్నది కావుట వేరు, చౌక కావుట వేరు; ఆ రెండును ఒకచోట కుదురుటకు కొంత ఆలోచన అవసరము.

ఈ శూన్యము అకారణముగ ఏర్పడినది కాదు. 1995లో ఇంటెల్ సంస్థవారు ఏటీఎక్స్ అను కొలతను నిర్ణయించినప్పుడు మదర్‌బోర్డునకు 305 మిల్లీమీటర్ల పొడవును, 244 మిల్లీమీటర్ల వెడల్పును ఏర్పరచిరి. ఆనాడది అధికము కాదు. ధ్వనికొక కార్డు, చిత్రమునకొక కార్డు, టెలిఫోను తీగెద్వారా ఇంటర్నెట్టును అందించు మోడెమునకొక కార్డు, నెట్‌వర్కునకు మరియొకటి, వీనికి తోడు ఫ్లాపీ డ్రైవు, సీడీ డ్రైవు, బరువైన హార్డ్ డిస్కు. ఇన్నింటికిని చోటు చూపక తప్పని కాలమది. తరువాతి కాలమున ధ్వని, చిత్రము, నెట్‌వర్కు మొదలైన పనులు ఒకటొకటిగా మదర్‌బోర్డుమీది చిన్న చిప్పులలోనికి దిగి, వానిలో కొన్ని ప్రాసెసరునందే లీనమైనవి, ఫ్లాపీ గతించెను, సీడీ గతించుచున్నది, హార్డ్ డిస్కు స్థానమున 22 మిల్లీమీటర్ల వెడల్పును 80 మిల్లీమీటర్ల పొడవును గల ఎం.2 పలక వచ్చెను. లోపలి వస్తువులు ఇట్లు క్షీణించుచున్నను పెట్టె మాత్రము పాత కొలతను విడువలేదు.

తైవానునకు చెందిన వయా టెక్నాలజీస్ అను సంస్థ 2001లో మినీ-ఐటీఎక్స్ అను క్రొత్త కొలతను ప్రకటించెను. నాలుగు ప్రక్కలను 170 మిల్లీమీటర్లుండు చదరపు పలక అది; వైశాల్యమున ఏటీఎక్స్ బోర్డులో ఐదింట రెండు వంతులకు మించదు. వేగమున ఇంటెల్, ఏఎండీ సంస్థలతో పోటీపడజాలని వయావారికి ఒక సుగుణము చేతనుండెను: వారి ప్రాసెసర్లు మందగాములైనను చల్లనివి. 533 మెగాహెర్ట్జ్ వేగము గల ఈడెన్ ప్రాసెసరును ధరించిన వారి ఎపియా బోర్డునకు ఫ్యానే అక్కరలేకపోయెను. ఇక ఔత్సాహికుల చేతికి అది చిక్కిన పిమ్మట, రొట్టెలు కాల్చు టోస్టరులలో, మూలపడిన పాత రేడియోపెట్టెలలో, మరి యెన్నో వింత చోట్ల కంప్యూటర్లు వెలసినవి. అంతకన్న ముఖ్యమైన వివేకము మరియొకటి ఆ కొలతలో కలదు. బోర్డును బిగించుటకు నాలుగే స్క్రూ రంధ్రములుంచి, వానిని పెద్ద ఏటీఎక్స్ క్యాబినెట్టులోని రంధ్రములతో సరిపోవునట్లు అమర్చుటచే, చిన్న పెట్టె దొరకనివాడు దానిని పెద్ద పెట్టెలోనైనను బిగించుకొనవచ్చును. ఇరువదేండ్లు గడచినను ఆ కొలత నిలిచియుండుటకు, ఇతర సంస్థలు కూడ దానినే అనుసరించుటకు, ఈ సౌలభ్యము ఒక కారణమని నా తలంపు.

చౌకదనము సంగతి వచ్చినప్పుడు ఇంకను వెనుకకు పోవలసియుండును. ఆంగ్లదేశీయుడైన క్లైవ్ సింక్లెయిర్ 1980లో జెడ్‌ఎక్స్80 అను చిన్న గృహ కంప్యూటరును విపణిలోనికి తెచ్చెను. అందులో చిప్పులు 21. మరుసటి సంవత్సరమే వచ్చిన జెడ్‌ఎక్స్81లో ఆ సంఖ్య నాలుగునకు దిగెను. అనేకములైన చిప్పుల పనిని ఫెరాంటి సంస్థవారు చేసిన ఒకే చిప్పులో ఇమిడ్చిరి. తయారైన యంత్రము వెల 69 పౌండ్ల 95 పెన్సులు. విడిభాగములు కొని స్వయముగ టంకము వేసికొనువారికి 49 పౌండ్ల 95 పెన్సులు. తెర లేదు, ఇంటిలోని టెలివిజనే తెర. డిస్కు లేదు, పాటల క్యాసెట్ రికార్డరే భాండారము. మీటలు కూడ నిజమైన మీటలు కావు. చదునైన ప్లాస్టిక్కు పొరమీద ముద్రించిన గళ్లు. జ్ఞాపకశక్తి ఒక కిలోబైటు మాత్రమే. నేటి పద్ధతిని తెలుగు లిపిలో వ్రాసినచో ఈ ఒక్క పేరా కూడ అందులో నిముడదు. తెరమీద బొమ్మను గీయుటకు ప్రత్యేకమైన చిప్పు లేకపోవుటచే ఆ పనిని సైతము ప్రాసెసరే చేయవలసివచ్చి, బొమ్మ నిలిచియున్నంతసేపు లెక్కల వేగము సుమారు నాలుగవ వంతునకు పడిపోవుచుండెను. వేగము కావలెనన్నచో తెర శూన్యమగుచుండెను. అదనపు జ్ఞాపకశక్తికై వెనుక తగిలించు 16 కిలోబైట్ల డబ్బా కొంచెము కదలినను చేసిన పనియంతయు మాయమగుట నాటివారందరు ఎరిగిన విషయమే. ఇన్ని లోపములున్నను అది పది లక్షలకు మించి అమ్ముడుపోయెను.

సిరిసిల్ల నేతగాండ్రు అగ్గిపెట్టెలో నిముడునట్లు చీరను నేయుట మనకు తెలిసినదే. అచ్చట చీర పొడవు తగ్గదు, అంచు తగ్గదు, దారము సన్ననగును. కంప్యూటరు విషయమున దారమును సన్నము చేయుపని చిప్పుల కర్మాగారములవారిది. ఇంట కూర్చుకొనువానికి అది సాధ్యము కాదు. అతనికి మిగిలినది సింక్లెయిరు చేసిన పనియే, అనగా ఏ భాగమును బొత్తిగ విడువవచ్చునో, దేనిని పెట్టె వెలుపలికి నెట్టవచ్చునో, దేనిని ఎన్నటికిని మార్చుకొనరాని విధముగ అతికియుండగ కొనవచ్చునో నిర్ణయించుట. చిన్న కంప్యూటరు నిర్మాణమున స్క్రూడ్రైవరు పట్టుకొను భాగము స్వల్పము; ఈ త్యాగములను ముందుగ ఎంచుకొను భాగమే అధికము.

సింక్లెయిరు మార్గమునే అవలంబించి 2012 ఫిబ్రవరి 29న కేంబ్రిడ్జినుండి వెలువడినది రాస్ప్‌బెర్రీ పై. విశ్వవిద్యాలయమునకు వచ్చు విద్యార్థులకు ప్రోగ్రాములు వ్రాయు అలవాటు తగ్గిపోవుచున్నదని గమనించిన ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు, పిల్లలు భయములేక వాడుకొనదగిన చౌకయంత్రముగ దీనిని రూపొందించిరి. ధర 35 డాలర్లు. ఇచ్చటను తెర ఇంటి టెలివిజనే. విద్యుత్తు మొబైలు ఛార్జరునుండి. డిస్కు స్థానమున కెమెరాలలో వాడు మెమరీ కార్డు. వారు ఆదర్శముగ తీసికొన్నది 1980ల నాటి బీబీసీ మైక్రో. మన దేశమున క్లాస్ పథకము క్రింద పాఠశాలలకు పంపబడిన కంప్యూటర్లును అవియే గనుక, ఆనాటి ఉపాధ్యాయులు కొందరైనను ఆ పేరు మరచియుండరు. అయితే నేడు ఒక రాస్ప్‌బెర్రీ పై 5 తెచ్చుకొని, దానికి తగిన 27 వాట్ల అడాప్టరు, వేడిని లాగు కూలరు, పెట్టె, మెమరీ కార్డు చేర్చి లెక్కవేసినచో, మొదటి చౌకదనము చాలవరకు కరిగిపోవును. అదియునుగాక, విద్యుత్తు హఠాత్తుగ పోవుటచే మెమరీ కార్డులు పాడగుట తరచుగ జరుగు విషయము. ఎలక్ట్రానిక్ ప్రయోగములు చేయు కుఱ్ఱవాండ్రకు అంతకన్న మంచి వస్తువు లేదు. ఇంటివారందరు వాడుకొను కంప్యూటరునకు మాత్రము నేను దానిని మొదట చెప్పను.

అందునకు తగినది ప్రాసెసరు ముందుగనే అతికించి వచ్చు మినీ-ఐటీఎక్స్ బోర్డు. 2023లో ఇంటెల్ వెలువరించిన ఎన్100 అను ప్రాసెసరు ఇట్టి బోర్డులమీద విరివిగ కానవచ్చును. దానిలో నాలుగు కోర్లు కలవు. తయారీదారులు నిర్దేశించిన విద్యుత్ పరిమితి 6 వాట్లు. సామాన్యమైన డెస్క్‌టాప్ ప్రాసెసరునకు ఈ సంఖ్య 65 అని జ్ఞప్తియందుంచుకొన్నచో భేదము తెలియును. కష్టమైన పని తగిలినప్పుడు అది ఆరు వాట్లను చాల మించియే తీసికొనునుగాని, అప్పుడును డెస్క్‌టాప్ ప్రాసెసరుతో పోల్చినచో అది స్వల్పమే. వ్రాతపని, ఇంటర్నెట్టు, దూరవిద్యా తరగతులు, స్వచ్ఛమైన చలనచిత్ర ప్రదర్శనము దానికి భారము కావు. భారీ ఆటలను, పెద్ద వీడియోల కూర్పును దానినుండి ఆశింపరాదు. ఒకనాడు ప్రాసెసరును మార్చి వేగము పెంచుకొందమన్నను వీలులేదు. అది బోర్డుతో పుట్టి బోర్డుతో పోవునది.

ఈ త్యాగమునకు ఒప్పుకొననివారు, ప్రాసెసరును విడిగ అమర్చు సాకెట్టు గల మినీ-ఐటీఎక్స్ బోర్డునకై సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి విపణికి పోయి ధర అడిగినచో ఆశ్చర్యపడుదురు. పెద్ద బోర్డుకన్న చిన్న బోర్డు వెల హెచ్చు. పెద్ద క్యాబినెట్టుకన్న చిన్న క్యాబినెట్టు వెల తరచుగ హెచ్చు. ఇనుము తగ్గినప్పుడు ధర తగ్గవలదా యనునది న్యాయమైన ప్రశ్నయే. కాని పెద్దవి వేలకొలది అమ్ముడగును, చిన్నవానిని కోరువారు తక్కువ. ఇరుకైన చోట తీగెలను, చిప్పులను పొందుపరచుట ఇంజనీరులకు కష్టతరము. కావున చిన్నదనమునకు మూల్యము చెల్లింపక తప్పదు. 2000లో ఆపిల్ సంస్థ జి4 క్యూబ్ అను అందమైన చిన్న కంప్యూటరును 1,799 డాలర్లకు అమ్మజూచి, ఏడాది తిరుగకమునుపే దాని తయారీని నిలిపివేసెను. ప్రాసెసరు అతికియున్న బోర్డు ఒక్కటే ఈ నియమమునకు మినహాయింపు. అందు ప్రాసెసరు, కూలరు, బోర్డు మూడును ఒకే వెలలో వచ్చును.

విద్యుత్తు విషయమున రెండవ త్యాగము, కాదు, బహిష్కారము. సాధారణ క్యాబినెట్టులోని ఎస్.ఎం.పి.ఎస్. 450 వాట్ల సామర్థ్యము గలదై, ఒక మూలనంతటిని ఆక్రమించి, తన ఫ్యానుతో చప్పుడు చేయుచుండును. మన చిన్న యంత్రమునకు అందులో పదియవ వంతు చాలును. అంతటి పెద్ద సప్లైని అంత చిన్న పనికి పెట్టినచో అది నష్టముతోనే పనిచేయును. కావున ల్యాప్‌టాప్ అడాప్టరును పోలిన 19 వోల్టుల అడాప్టరుతో నేరుగ పనిచేయు బోర్డును కొనుట మేలు. అట్టిది దొరకనప్పుడు, 12 వోల్టుల అడాప్టరునుండి విద్యుత్తును గ్రహించి బోర్డు సాకెట్టులోనే ఇమిడిపోవు పికోపీఎస్‌యూ అను చిన్న పరికరమును వాడవచ్చును. పెట్టె చిన్నదైనదని సంతసించువారు బల్లక్రింద పడియున్న అడాప్టరును లెక్కలో చేర్చరు. ఆపాటి ఆత్మవంచన క్షమార్హమే. అడాప్టరు మూడు పుల్లల ప్లగ్గు గలదై, గోడలోని ఎర్త్ సరియైనదై యుండవలెను. లేనిచో ఇనుప పెట్టెను తాకినప్పుడెల్ల వ్రేళ్లకు జివ్వుమనును.

విద్యుత్ బిల్లుమీద దీని ప్రభావము సులభముగ లెక్కింపవచ్చును. సగటున 15 వాట్లు తీసికొను యంత్రము దినమునకు 8 గంటల వంతున నెలకు 3.6 యూనిట్లు వాడును. 75 వాట్లు తీసికొను పాత పెద్ద యంత్రము అదే కాలమునకు 18 యూనిట్లు వాడును. ఈ మిగులుతో ధనవంతులమగుదుమని కాదు. కరెంటు పోయినప్పుడు ఇంటిలోని ఇన్వర్టరు రెంటిలో దేనిని ఎక్కువసేపు మోయగలదో ఊహించిన చాలును.

ఇక ఉష్ణము. చిన్న పెట్టెను తలపెట్టినవాని అసలు ప్రతిపక్షి ఇదియే. చోటు చాలకపోవుట కాదు. ప్రాసెసరు త్రాగిన విద్యుత్తంతయు కడపట వేడియే యగును; ఆ వేడి బయటి గాలిలో కలియుటకు త్రోవ లేనిచో పెట్టె లోపలనే ప్రోగగును. ఆంగ్లభాషలో వ్రాయబడిన సలహాలు చాలవరకు చల్లని దేశములవారివి. 22 డిగ్రీల గదిలో చక్కగ నడచిన యంత్రము, వైశాఖమాసమున రెంటచింతలలోనో రామగుండములోనో పగటి యెండకు కాగిన డాబాయింట నడువవలసివచ్చినప్పుడు దాని ఆరంభస్థానమే ఇరువది డిగ్రీలు హెచ్చు. ఎన్100 ప్రాసెసరునకు తయారీదారులు విధించిన పరమావధి 105 డిగ్రీలు. అంతవరకు పోయినచో అది కాలిపోదు. తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. వేసవిలో కంప్యూటరు మందగించినదని వైరసును నిందించువారిలో కొందరికి నిజమైన కారణము ఇదియే యని నేననుమానించెదను.

ఉష్ణమును వెడలించుటకు మార్గములు రెండు. పెట్టెనే దళసరి అల్యూమినియముతో చేయించి, ప్రాసెసరును దాని గోడకు అంటునట్లు అమర్చి, పెట్టె మొత్తమును వేడిని వెదజల్లు రెక్కగ మార్చుట మొదటిది. చప్పుడుండదు, దుమ్ము లోనికి పోదు, బల్లుల బెడద లేదు, కాని వెల హెచ్చు. రెండవది మామూలు రేకుపెట్టెకు ఒక ఫ్యానును తగిలించుట. ఇచ్చట తెలియనివారు పెట్టె చిన్నది గదా యని చిన్న ఫ్యానునే కొందురు. 40 మిల్లీమీటర్ల ఫ్యాను తగినంత గాలిని త్రోయుటకు అతివేగముగ తిరుగవలసివచ్చి దోమవలె రొదపెట్టును. 92 లేక 120 మిల్లీమీటర్ల ఫ్యాను నెమ్మదిగ తిరుగుచునే అంతకు మించిన గాలిని నిశ్శబ్దముగ తెచ్చును. వేడిగాలి సహజముగ పైకి పోవును గనుక, అడుగున గాలి లోనికి వచ్చు రంధ్రములును, మీద బయటికి పోవు రంధ్రములును ఉండునట్లు పెట్టెను నిలువుగ నుంచినచో ఫ్యాను శ్రమ కొంత తగ్గును. లోనికి గాలి వచ్చు ముఖమున సన్నని జాలి అతికించి, దానిని నెలకొకసారి దులుపుచుండవలెను. ఎం.2 పలకలలో ఎన్‌వీఎంఈ రకమువి సాటా రకమువానికన్న వేగమైనవేగాని వేడియు హెచ్చు; ఇరుకుపెట్టెలో చిన్న అల్యూమినియపు రేకు అయినను వానిపై నతికింపవలెను. చేతిపనిలో ఆసక్తి గలవారు చెక్కతో పెట్టె చేసికొనవచ్చునుగాని, చెక్క వేడిని పట్టియుంచునను సంగతిని మరువక రంధ్రములను ధారాళముగ తొలువవలెను. అట్టపెట్టె జోలికి పోవనేరాదు.

కూర్పు అనునది ఒక మధ్యాహ్నపు పని. ర్యామ్ కొనుటకు ముందు బోర్డు వివరణపత్రమును చదువుట ముఖ్యము; ఒకేవిధముగ కనబడు బోర్డులలో కొన్ని ల్యాప్‌టాపులలో వాడు పొట్టి ర్యామును, కొన్ని డెస్క్‌టాప్ పొడుగు ర్యామును కోరును, డీడీఆర్4 కోరునది డీడీఆర్5ను స్వీకరింపదు. ఎన్100 బోర్డులలో సాధారణముగ ర్యామునకు చోటొక్కటే గనుక మొదటనే 16 జీబీ వేయుట మంచిది. తరువాత పెంచుట యనగ ఉన్నదానిని తీసివేయుటయే. పెట్టె వెనుక బిగించు ఐఓ షీల్డు రేకును మదర్‌బోర్డుకంటె ముందుగ నొక్కి అమర్చవలెను. ఇత్తడి మరలపై బోర్డు నిలువవలెనేగాని పెట్టె రేకును తాకరాదు. తక్కినది బోర్డుతో వచ్చిన పుస్తకములోని బొమ్మలు చెప్పును.

సాఫ్ట్‌వేరు వెల కూడ వ్యయములో భాగమే. విండోసు లైసెన్సునకు చెల్లించునది స్వల్పము కాదు. డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ మొదలైన స్వేచ్ఛా వ్యవస్థలు ఉచితము. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వానిలో సిద్ధముగనే యుండును. వ్రాతకు లిబ్రె ఆఫీసు కలదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఇట్టి వ్యవస్థలను తెలుగులోనికి తెచ్చుటకై చాలకాలము కృషి చేసిరి. ప్రభుత్వ కార్యాలయముల కొన్ని వెబ్‌సైట్లు, డిజిటల్ సంతకపు పరికరములు విండోసునే కోరుట కద్దు గనుక, అట్టి పని గల ఇంటివారు ముందుగ విచారించుకొనవలెను.

కేవలము చౌకదనమే కావలసినవారికి ఇంకొక నిజము చెప్పక తప్పదు. పెద్ద కార్యాలయములు కొన్నియేండ్లు వాడి తొలగించు లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీవంటి యంత్రములు రిఫర్బిష్డ్ దుకాణములలో దొరకును. సుమారు ఒక లీటరు ఘనపరిమాణము గల ఆ పెట్టెలు మనము ఎంత నేర్పుతో కూర్చినను సాధింపలేనంత చిన్నవి. వెలలోను పోటీకి రాలేము. కొనువారు ప్రాసెసరు ఇంటెల్ ఎనిమిదవ తరమునకు తక్కువ కాకుండ చూచుకొనవలెను. విండోసు 11 అంతకు పూర్వపువానిని సాధారణముగ అంగీకరింపదు, విండోసు 10కి సంస్థవారి సంరక్షణ 2025 అక్టోబరుతో ముగిసినది. అడాప్టరుతో సహా కొనుట మరువరాదు, వాని ప్లగ్గులు ఒక్కొక్క సంస్థవి ఒక్కొక్క తీరు. మరి స్వయముగ కూర్చుకొనుట ఎందులకన్నచో, ఏ భాగము ఎందులకున్నదో తెలిసినవాని ఇంట కంప్యూటరు చెడినప్పుడు చెడిన భాగమే మారును; పెట్టె మొత్తము చెత్తకు పోదు. పదియవ తరగతి దాటిన పిల్లలున్న ఇంట ఆ లాభమే నాకు పెద్దదిగ తోచును.

సిద్ధమైన పెట్టెకు బల్లమీద కూడ చోటివ్వనక్కరలేదు. మానిటర్లు చాలవాని వెనుక 75 లేక 100 మిల్లీమీటర్ల చదరముగ నాలుగు స్క్రూ రంధ్రములుండును. వీసా బ్రాకెట్టు అను రేకుతో కంప్యూటరును అక్కడనే బిగింపవచ్చును, గాలి రంధ్రములు మానిటరు వీపునకు ఆనకుండ చూచినచో చాలును. అప్పుడు పవర్ బటను చేతికందదు. దానికొక ఉపాయము కలదు: బయోస్‌లో విద్యుత్తు తిరిగి వచ్చినప్పుడు యంత్రము ఏమి చేయవలెనో నిర్ణయించు అమరిక యుండును, దానిని ఆన్ అని మార్చినచో గోడమీది స్విచ్చు వేయగనే కంప్యూటరు తనంతట తాను మేల్కొనును. ఆపుటకు మాత్రము ముందుగ తెరమీద షట్‌డౌన్ నొక్కి, దీపము ఆరిన పిమ్మటనే గోడస్విచ్చును తాకవలెను.